తవిటమ్మ ఎడమ చెయ్యి

ఆ ఉదయం లోకనాథానికి కాళ్లు నేల మీద ఆనడం లేదు. బస్సు దిగింది మొదలు గురువుగారి ఇంటిదాకా పరుగులాంటి నడకతో వచ్చాడు. ఇంత పెద్ద సంగతి గురువుగారికి తన నోటితో చెప్పబోతున్నానన్న సంబరం అతన్ని నిలవనివ్వడం లేదు.

పోలయ్య గురువుగారు వసారాలో కూర్చుని కొబ్బరిపీచుతో తాడు పేనుతున్నారు. ఆయనకు ఆశ్రమం లేదు. సముద్రం పక్క ఊళ్లో తాళ్లు పేనుకుని బతుకుతూ, అడిగినవాళ్లకు నాలుగు మంచి మాటలు చెబుతారు. అడగనివాళ్లకు ఏమీ చెప్పరు. గురువుగారిలో లోకనాథానికి నచ్చనిది ఆ ఒక్కటే. తెలిసినవాడు చెప్పకపోతే తెలియనివాళ్ల గతి ఏం కావాలి అని అతని బాధ.

లోకనాథం లోగడ బస్సు కండక్టరు. అతను స్టేజీ పేరు చెబితే ఆఖరి సీట్లో నిద్రపోయేవాడు కూడా లేచి సంచీ సర్దుకునేవాడు. ఉద్యోగం మానేసి గురువుగారి దగ్గర చేరాక ఆ గొంతుకు పని లేకుండా పోయింది. పుస్తకాలు చదివాడు, భాష మార్చుకున్నాడు, కళ్లు అరమూత పెట్టి మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. వినేవాళ్లే దొరకలేదు.

దొరికిన చోటు టౌనులో ఉన్న డయాలసిస్ కేంద్రం. ఆ చుట్టుపక్కల కిడ్నీలు పాడైనవాళ్లు వారానికి మూడుసార్లు అక్కడికి వస్తారు. చేతికి రెండు సూదులు గుచ్చితే ఒంట్లో రక్తం మిషనులోకి వెళ్లి, శుభ్రపడి, తిరిగి ఒంట్లోకి వస్తుంది. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. ఈసారికి అయిపోయిందంటే ఎల్లుండి మళ్లీ రావాలి. బతికినన్నాళ్లూ అంతే. అక్కడి పెద్ద సిస్టరు ఒకరోజు గురువుగారి దగ్గరకు వచ్చి, "వాళ్లు అలా పైకప్పు చూస్తూ పడుకుంటారండీ. ఒంటి సంగతి మేం చూస్తాం. మనసు సంగతి మాకు చేతకావడం లేదు. ఎవరినైనా పంపండి" అని అడిగింది.

గురువుగారు లోకనాథాన్ని పిలిచి, "ఎల్లి ఆళ్ల పక్కన కూకో" అన్నారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

లోకనాథం వెళ్లాడు. కూర్చున్నాడు కూడా. కాకపోతే అందరికీ వినపడాలని హాలు మధ్యలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. "ఈ దేహం మీరు కాదు. ఇది అద్దె కొంప. అద్దె కొంపకు పగుళ్లు వచ్చాయని యజమాని ఏడవాలి గానీ, అద్దెకున్నవాడు ఎందుకు ఏడవాలి?" అని మొదలుపెట్టాడు. ఒకాయన దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. ఇంకొకాయన గోడ వైపు తిరిగాడు. తవిటమ్మ ఒక్కతే కళ్లప్పగించి విన్నది.

ఆ తవిటమ్మ సంగతే చెప్పాలని అతను ఇప్పుడు రొప్పుతూ వచ్చాడు.

"గురువుగారూ, ఒక జీవుడు గట్టెక్కాడు."

"ఎవులు?"

"తవిటమ్మ అని, జీడిపిక్కలు కొట్టుకుని బతికే ఆవిడ. పోయినవారం నేను చెప్పడం అయ్యాక రెండు చేతులూ జోడించింది. 'నాకు తెలిసిపోనాది బావూ, ఇన్నాళ్లూ నాకీ మాట ఎవులూ సెప్పనేదు' అంది. ఆ మొహంలో ఎంత శాంతి అనుకున్నారు? నేను కళ్లారా చూశాను. నా ఒళ్లు పులకరించిపోయింది."

గురువుగారి చేతులు ఆగలేదు. పీచు పోగులు ఒకదానిలో ఒకటి కలిసి తాడవుతూనే ఉన్నాయి. "తరవాత?" అన్నారు.

"తర్వాత ఏముంది? ఆవిడకు తెలిసిపోయింది."

"తరవాత మిషను కాడికి వచ్చిందా?"

లోకనాథం ఆ సంగతి ఆలోచించనే లేదు. "నేను మళ్లీ వెళ్లినప్పుడు ఆవిడ మంచం ఖాళీగానే ఉంది. టైము మారిందేమో అనుకున్నాను" అన్నాడు.

గురువుగారి చేతులు అప్పుడు ఆగాయి.

ఆయన ఇంకేమైనా అనేలోపే వీధిలో ఆటో ఆగింది. అందులోంచి ముప్పై ఏళ్ల మనిషి ఒకామె దూకినట్టు దిగింది. జుట్టు రేగిపోయి ఉంది, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "ఇక్కడ లోకనాథం బాబంటే ఎవులు?" అంది.

లోకనాథం లేచి నిలబడ్డాడు.

"నాను తవిటమ్మ కోడలు సరోజినిని. మా అత్త మిషనెక్కనంటంది. రెండుసార్లు మానేసింది. కాళ్లూ మొకం పొంగిపోనాయి. పడుకుంటే ఊపిరాడక రేతిరంతా గోడకి ఆనుకుని కూకునుంది. ఇయాల కూడా రాకపోతే ఇంక మా సేతుల్లో ఉండదని సిస్టరమ్మ ఫోను సేసింది. పన్నెండు దాకా మంచం ఖాళీగా ఉంచుతానంది. మా అత్తేమో 'లోకనాథం బాబు సెప్పాడు, అద్దె కొంప ఖాళీ సేసేస్తాను' అంటంది. బావూ, మీకు మేమేటి అపకారం సేసినాం?"

లోకనాథం మాట ఒక మనిషికి అంత సూటిగా తగలడం అదే మొదటిసారి. ఇందాకటి పులకరింత ఎటు పోయిందో తెలియలేదు.

గురువుగారు తాడు పక్కన పెట్టి, పంచె దులుపుకుని, "ఆటో ఉందమ్మా? పద" అన్నారు.

దారి పొడుగునా లోకనాథం గింజుకున్నాడు. ఏం చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ మాటతో ఆ మాటను వెనక్కి తీసుకోవాలి? "గురువుగారూ, నేనేం చెప్పను?" అని అడిగాడు.

"నీకు తెలీందేటున్నాది?" అన్నారు గురువుగారు. ఆయన ఎగతాళి చేస్తున్నారో, నిజంగానే అంటున్నారో తెలియలేదు.

రైలు గేటు పడింది. గూడ్సు బండి వస్తోంది. దానికి తోక ఉందో లేదో అన్నంత పొడుగ్గా వస్తోంది. లోకనాథం ఆటో దిగాడు, ఎక్కాడు, మళ్లీ దిగాడు. ఆఖరి పెట్టె దాటిపోగానే, గేటు లేవకముందే దాని కిందనుంచి దూరిపోయి, పట్టాల అవతల నిలబడి ఆటోకి చేతులు ఊపాడు. తను ఒక్కడూ అవతలికి వెళ్లి ఏం ప్రయోజనమో అతనికే తెలియదు.

తవిటమ్మ చిన్న రేకుల ఇంట్లో నులకమంచం మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రెప్పలు ఉబ్బాయి. ఊపిరి పైపైన ఆడుతోంది. ఎడమ చెయ్యి ఎప్పటిలాగే కొంగులో దాచుకుంది. లోకనాథాన్ని చూసి నవ్వింది.

"రండి బావూ. మంచి టయానికి వచ్చినారు."

ఆ నవ్వు చూసి లోకనాథానికి ఏడుపొచ్చినంత పనైంది. "అమ్మా, నేను అన్నది ఆ అర్థంలో కాదు" అన్నాడు.

"మరే అర్దంలో బావూ?"

"దేహం మనం కాదు. అది నిజమే. అయినా దాన్ని కాపాడుకోవడం మన ధర్మం."

"అద్దె కొంపన్నారు గదా. ఎవుడి కొంపకో నానెందుకు సున్నాలేయించాల?"

"అద్దె కొంపైనా గడువు తీరేదాకా ఉండాలి కదమ్మా."

"గడువెప్పుడో తీరిపోనాది బావూ. ఈ మిషనే నన్ను ఖాళీ సెయ్యనివ్వటం నేదు."

"అలా అనుకోవడం తప్పు."

"తప్పేటుంది? మీరు సెప్పిన రోజు నాకు కంటినిండా నిద్దరట్టింది." ఆమె ఊపిరి కోసం ఆగింది. "నన్ను మిషనుకి తిప్పడానికి ఈ పిల్ల వారంలో మూడు రోజులు కూలి మానుకుంటంది. నా మనవరాలు ఈ సెయ్యి సూసి దడుసుకుంటంది, నా ఒళ్లోకి రాదు. ఇది నా సెయ్యిలాగే నేదు. ఇది నాను కాదని మీరన్నాక పేనం హాయిగా ఉన్నాది. ఇప్పుడొచ్చి అవుననకండి బావూ."

లోకనాథం ఇంకో మాట వెతికాడు. దొరికింది, చెప్పాడు. దానికీ ఆమె దగ్గర జవాబుంది. అది కూడా అతను చెప్పినదే. హాలు మధ్యలో కుర్చీ వేసుకుని తను విసిరిన మాటలన్నీ ఆమె ఒక్కటీ పోకుండా ఏరి పెట్టుకుంది. ఇప్పుడు ఒక్కొక్కటే తీసి, ఎంతో మర్యాదగా, అతని ముందు పెడుతోంది.

సరోజిని రెండు గ్లాసులతో మంచినీళ్లు తెచ్చింది. వాదించి వాదించి గొంతు పిడచకట్టుకుపోయిన లోకనాథం గ్లాసెత్తి గడగడా తాగేశాడు. దించాక చూశాడు. గ్లాసు అడుగు కనబడేదాకా తవిటమ్మ కళ్లు దాని మీదే ఉన్నాయి. ఆ జబ్బుకి నీళ్లు కొలిచి తాగాలి, దాహమేసినా గుక్కెడుతో సరిపెట్టుకోవాలి. అది అతనికి తెలియని సంగతేమీ కాదు. గురువుగారి గ్లాసు ఆయన పక్కన నిండుగా, ముట్టుకోకుండా ఉంది.

అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని గురువుగారు గడప మీదనుంచి లేచారు.

"మేం ఎల్లొస్తాం అమ్మా. నీకు తోసినట్టు సెయ్యి. ఎల్లేముందు మావోణ్ణి ఒక్కసారి దీవించి పంపు. నీకంటే సిన్నోడు."

లోకనాథం తెల్లబోయాడు. వచ్చిన పనేమిటి, ఈయన అడుగుతున్నదేమిటి? బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. అయినా గురువుగారి మాట దాటలేక మంచం ముందు మోకాళ్ల మీద కూర్చుని తల వంచాడు.

తవిటమ్మ కుడిచెయ్యి ఎత్తింది.

"ఆ సెయ్యి కాదమ్మా" అన్నారు గురువుగారు. "రెండోది."

"ఎడం సేత్తో దీవిస్తారా బావూ? తప్పు గాదా?"

"దాంతోనే."

ఆమె కొంగులోంచి ఆ చేతిని మెల్లగా బయటికి తీసింది. మణికట్టు నుంచి మోచేతి పైదాకా నరాలు బొటనవేలంత లావున ఉబ్బి మెలికలు తిరిగి ఉన్నాయి. వాటి మీద సూది మచ్చలు నల్లగా, గుంపులు గుంపులుగా ఉన్నాయి. సరోజిని తల పక్కకు తిప్పుకుంది. తవిటమ్మ సిగ్గుపడుతూ, వద్దంటే తీసేద్దామన్నట్టుగా, ఆ చేతిని లోకనాథం తల మీద పెట్టింది. అరచెయ్యి నడినెత్తిన ఆనింది. ఉబ్బిన నరం వచ్చి అతని చెవికి తగిలింది.

లోకనాథం ఉలిక్కిపడ్డాడు.

ఏదో మోగుతోంది. బస్సు ఆగినా ఇంజను ఆపకపోతే కిటికీ రేకు ఎలా అదురుతుంటుందో అలా అదురుతోంది. జుయ్‌మంటూ, ఒకసారి హెచ్చి ఒకసారి తగ్గి, మళ్లీ హెచ్చుతోంది. ముందు తన తలలోనే ఏదో అయిందనుకున్నాడు. చెవి ఇంకా గట్టిగా ఆనించాడు. కాదు, ఆమె చేతిలోనే.

"గురువుగారూ, మోగతన్నాది" అన్నాడు. అలవాటు చేసుకున్న భాష ఎక్కడ జారిపోయిందో అతను గమనించలేదు. రెండు చేతులతో ఆ చేతిని పట్టుకుని, వేళ్లు ఆనించి, మళ్లీ చెవి పెట్టి, మళ్లీ వేళ్లు ఆనించాడు. "ఇదేటమ్మా? సెయ్యంతా మోగతన్నాది. ఇలా ఎప్పుడూ మోగుతాదా? నిద్దరోయినా?"

ఇన్ని వారాలు ఆ మంచాల మధ్య కూర్చున్నాడు. అన్ని చేతుల్లోనూ ఇది మోగుతూనే ఉండి ఉంటుంది. అతను ఒక్కదాన్నీ ముట్టుకోలేదు.

అతని కంగారు చూసి తవిటమ్మకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత సూది గుచ్చడానికి కాకుండా ఆ చేతిని ఒకరు పట్టుకున్నారు. చిన్నపిల్లవాడు కొత్త బొమ్మను పట్టుకున్నట్టు, వదలకుండా పట్టుకున్నారు.

"మోగదేటి బావూ? రెండు నరాలు కలిపి కుట్టినారు గదా. మోగినన్నాళ్లే మిషను. మోగడం ఆగిపోతే ఇంకో కాడ మళ్లీ కొయ్యాల. అందుకే మేమందరం పొద్దున్న లేవగానే మొదట ఇదే సూసుకుంటాం. కొందరు సెవి కాడ ఎట్టుకుంటారు. నాను ఇలాగ సేతి ఏళ్లు ఆనించి సూస్తాను."

"రోజూనా?" అన్నారు గురువుగారు.

"రోజూను. మొకం కడుక్కునే ముందే."

"ఇయాల?"

తవిటమ్మ నోరు తెరిచింది. ఆగిపోయింది.

బయట హారన్ ఆగింది. లోకనాథానికి వెయ్యి మాటలు గొంతులోకి ఎగదన్నుకొచ్చాయి. గురువుగారు అతని వైపు ఒక్కసారి చూశారు. ఆ మాటలన్నీ మింగాడు. జన్మలో అంత కష్టమైన పని అతను చేయలేదు.

"సూసుకున్నాను" అంది తవిటమ్మ, మెల్లగా.

లోకనాథం చేతుల్లో ఉన్న తన చేతిని ఆమె ఎవరిదో చూస్తున్నట్టు చూసింది. "ఎల్లిపోతానన్నదాన్ని. పొద్దున్నే కూకుని, మోగతన్నాదా నేదా అని ఏళ్లెట్టి సూసుకున్నాను. మోగితే హమ్మయ్య అనుకున్నాను." కళ్లనిండా నీళ్లు తిరిగాయి. వాటిని తుడుచుకోలేదు. ఉన్నట్టుండి తల తిప్పింది.

"ఒలే సరోజినీ, ఆటో ఉన్నాదా, ఎల్లిపోనాదా?"

ఆ తర్వాత ఎవరు ఏం చేశారో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. సరోజిని ఏడుస్తూనే చెప్పులు వెతికింది. లోకనాథం తవిటమ్మను నులకమంచంతో సహా ఎత్తబోయాడు. అది గుమ్మంలో పట్టదని గురువుగారు చెప్పాల్సి వచ్చింది. ఆమెను రెండు వైపులా పట్టుకుని ఆటో ఎక్కించారు. సిస్టరుకి ఫోను చేసి, "వస్తన్నాం, మంచం ఎవులికీ ఇవ్వకండి" అని లోకనాథం చెప్పిన మాట ఫోను లేకపోయినా టౌను దాకా వినపడేదే. సంత వీధి కిటకిటలాడుతోంది. అతను ఆటోలోంచి సగం బయటికి వేలాడుతూ, "పక్కకి జరగండి, మనిషున్నాది, జరగండి జరగండి" అని కేకలేస్తుంటే చేపల గంపలు, సైకిళ్లు, మేకలు అన్నీ రెండు పాయలుగా విడిపోయాయి. ఆటోవాడు కూడా హుషారెక్కి, అవసరం లేనిచోట సైతం హారన్ వాయించాడు. ఊపిరాడక రొప్పుతూనే తవిటమ్మ, "మెల్లిగా బావూ, మిషను కాడికి ఎల్లకుండానే ఖాళీ సేయించేస్తారేటి?" అంది. సరోజిని ఏడుపులో నవ్వేసింది.

పన్నెండు కొట్టేలోపే చేరారు. పెద్ద సిస్టరు గుమ్మంలోనే నిలబడి ఉంది. తవిటమ్మకు ఆక్సిజను పెట్టారు. డాక్టరు వచ్చి చూసి, గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టి, సూదులు పెట్టమన్నాడు. గొట్టాల్లో రక్తం ఎర్రగా పాకింది. మిషను తిరిగింది. ఒక గంట గడిచేసరికి ఆమె ఊపిరి కుదుటపడింది. ఆ తర్వాత నిద్రపోయింది.

గురువు, శిష్యుడు బయట బల్ల మీద కూర్చున్నారు. సంబరం ఇంకా ఒంట్లో ఎగురుతూనే ఉంది గానీ, దాని అడుగున ఒక ముల్లు లోకనాథాన్ని గుచ్చుతూనే ఉంది.

"గురువుగారూ, దేహం మనం కాదన్న మాట అబద్ధమా?"

"నిజమే."

"మీరు నాకు చెప్పిన మాటే కదా ఆవిడకు చెప్పాను?"

"అదే మాట."

"మరి?"

"అది సెప్పేటప్పుడు నీ సెయ్యి ఎక్కడున్నాది?" అన్నారు.

లోకనాథం జ్ఞాపకం చేసుకున్నాడు. మోకాలి మీద ఉంది. బొటనవేలూ చూపుడువేలూ చక్కగా కలిపి ముద్ర పట్టి ఉంది.

సాయంత్రం అవుతుండగా సిస్టరు తలుపు తీసి, "తవిటమ్మ మనిషి ఎవరు? సూదులు తీస్తున్నాను, వచ్చి ఒత్తి పట్టుకోవాలి" అని పిలిచింది. సరోజిని మందుల షాపుకి వెళ్లి ఇంకా రాలేదు.

"నాను" అంటూ లోకనాథం లేచాడు.

సిస్టరు అతని చేతికి గ్లౌజు తొడిగి, సూది తీసి, దూది మడత పెట్టి, అతని బొటనవేలు దాని మీద ఆనించింది. భయంతో అతను బలమంతా పెట్టి నొక్కాడు.

"అంత గట్టిగా కాదు బావూ" అంది తవిటమ్మ. "మోగడం ఆగిపోద్ది."

అతను గభాలున వదులు చేశాడు. దూది ఎర్రబడింది.

"అలా ఒగ్గేస్తే రగతం కారిపోద్ది. రెండూ కాదు. ఏలి కింద మోగడం తెలస్తుండాల, సుక్క బయటికి రాకూడదు. అల్లదీ. ఇప్పుడు బాగున్నాది. అలాగే ఉండు."

లోకనాథం ఊపిరి బిగబట్టి, వంగి, అలాగే ఉండిపోయాడు.

పక్క మంచం మీద ఆయన, అదివరకు దుప్పటి మొహం మీదికి లాక్కున్నాయనే, ఇదంతా చూస్తున్నాడు. "ఏటి బావూ, ఇయాల మాకేటీ సెప్పవా?" అన్నాడు.

లోకనాథం తలెత్తలేదు.

"ఉండు మావా" అన్నాడు మెల్లగా. "మోగతన్నాది."